పెద్దమేడం కుక్క

జూలై 3, గురువారం

ఈరోజు పెద్దమేడం కుక్కను బడికి తీసుకొచ్చింది.

తేనెరంగు బొచ్చు, మెడకు ఎర్ర పట్టీ. ప్రార్థన అయ్యాక వేదిక మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని మైకులో చెప్పింది. "పిల్లలూ, దీని పేరు టాఫీ. ఇవాళ్టి నుంచి ఇది కూడా మన బడే." పిల్లలు ఒకటే చప్పట్లు. పదింటికి సర్క్యులర్ వచ్చింది. జంతువులు దగ్గరుంటే పిల్లలకు మనసు తేలికపడుతుందట, చదువు మీద ధ్యాస కుదురుతుందట. ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని సిబ్బంది ఎవరైనా తమ పెంపుడు కుక్కను తెచ్చుకోవచ్చట. ముందు ఒక నెల చూసి, తర్వాత తల్లిదండ్రుల సభలో ఖాయం చేస్తారట. చదివినట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ల్యాబ్ అసిస్టెంటు సంతకం ఎప్పుడూ అందరికంటే కిందే కదా.

మార్చి 11న ఇదే మనిషి నాతో ఏమందో ఇన్నాళ్ళూ ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు రాస్తాను.

నా కుక్క మసికి పద్నాలుగేళ్ళు. కడుపులో గడ్డ తీశారు. కుట్లు నాకనివ్వకూడదు, గంటగంటకీ చూసుకోండి అన్నాడు డాక్టరు. అక్క ఊళ్ళో లేదు. సెలవు అడిగితే ప్రాక్టికల్ పరీక్షలు, కుదరదంది. పోనీ రెండు రోజులు ల్యాబ్ వెనక స్టోరు గదిలో ఓ మూల పడుకోబెట్టుకుంటాను మేడం, ముసలిది, చప్పుడు కూడా చేయదు అని బతిమాలాను. ఫైల్లోంచి తల ఎత్తలేదు. "ఇది బడి అమ్మా, పశువుల ఆసుపత్రి కాదు. రూలు రూలే."

సాయంత్రం ఇంటికెళ్ళి తలుపు తోస్తే తెరుచుకోలేదు. తలుపుకు అడ్డంగా పడి ఉంది. కుట్లన్నీ విప్పేసుకుంది. గదిలోంచి తలుపు దాకా పాక్కుంటూ వచ్చిన దారంతా గచ్చు మీద కనిపిస్తూనే ఉంది.

మర్నాడు పరీక్షకు పిపెట్లు కడిగి వరసగా పేర్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆవిడ కుక్క వేదిక మీద కూర్చుంది.


జూలై 4, శుక్రవారం

స్టాఫ్‌రూంలో దానికి "వైస్ ప్రిన్సిపాల్" అని పేరు పెట్టారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.


జూలై 6, ఆదివారం

అక్క మిషను తొక్కుతూ అడిగింది. "ఆవిడ కుక్కను ఆవిడ తెచ్చుకుంటే నీకేమొచ్చిందే?"

"ఏమీ రాలేదు."

"మరి మూడ్రోజుల నుంచి ఆ మొహమేంటి? పెనం మీద పెట్టినట్టు."

"నేనేం చేయట్లేదుగా."

"నువ్వు ఏం చేయనన్నప్పుడల్లా నాకు భయం. చిన్నప్పుడు నా జడ కత్తిరించే ముందు కూడా ఇలాగే, నేనేం చేయట్లేదుగా అన్నావు." దారం పళ్ళతో కొరికింది. "పోయిన ప్రాణం ఎలాగూ తిరిగి రాదు. వదిలెయ్."

అక్కకు చెప్పడం తేలిక. ఆ గచ్చు కడిగింది అక్క కాదు.


జూలై 9, బుధవారం

పెద్దమేడం పిలిపించింది. కుర్చీ చూపించి కూర్చోమంది. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఆ గదిలో కూర్చోవడం ఇదే మొదలు.

"మీకు కుక్కలంటే ఇష్టమని ఎవరో అన్నారు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా నాకు రోజూ మీటింగులే. టాఫీ ఒక్కతే ఉండలేదండీ, ఏడుస్తుంది పాపం. మీ ల్యాబ్ వెనక స్టోరు గది చల్లగా ఉంటుంది కదా. కాసేపు చూసుకుంటారా?"

ఆ గది. అదే గది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహంలో ఏమైనా మారుతుందేమోనని కళ్ళార్పకుండా చూశాను. ఏమీ మారలేదు.

"తప్పకుండా మేడం. ఎంత భాగ్యం" అన్నాను.




జూలై 10, గురువారం

టాఫీ గదంతా వాసన చూసి, చివరికి కిటికీ కింద పడుకుంది. మసికి పాత దుప్పటి ఎక్కడ పరుద్దామనుకున్నానో సరిగ్గా అక్కడే.

అలమర తాళాలు నా దగ్గరే ఉంటాయి. పై అరలో ఏ సీసా ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. గుర్తొచ్చిందని రాస్తున్నాను, అంతే.

అయినా అది చస్తే ఏమవుతుంది? ఆవిడ ఏడుస్తుంది. బడంతా క్యూ కట్టి ఓదారుస్తుంది. ఆవిడ ఏడుపు నాకక్కర్లేదు. తల దించుకోవాలి. పదిమంది ముందు దించుకోవాలి.


జూలై 14, సోమవారం

కుక్కల సంగతి మీద స్టాఫ్ మీటింగు. డ్రాయింగ్ మాస్టారు తన కుక్కపిల్లను సోమ, బుధవారాలు తెస్తానన్నాడు. లైబ్రరీ మేడం, టాఫీ పక్కన కూర్చుని కథలు చదవడానికి పిల్లలు పోటీలు పడుతున్నారని మురిసిపోయింది. లెక్కల టీచరుకు ఉబ్బసం. బొచ్చు పడదండీ అంటే, ఫిల్టరు పెట్టిద్దాం లెండి అంది పెద్దమేడం. గంటలు కొట్టే అటెండరును మేమంతా గంటల తాత అంటాం. టీ గ్లాసులు అందిస్తూ ఊరుకోలేక అన్నాడు. "బెంచీకి నలుగురు పిల్లలు ఇరుక్కుని కూర్చుంటున్నారు. ఇంక కుక్కలకెక్కడమ్మా చోటు?"

"మీరేమంటారు?" అని పెద్దమేడం నన్ను అడిగింది.

"టాఫీ బంగారం మేడం" అన్నాను.

ఆగస్టు 9, శనివారం తల్లిదండ్రుల సభ. ఆ రోజే చేతులెత్తించి తేల్చేస్తారు.

బయటికొస్తూ లెక్కల టీచరు నా చెవిలో గొణిగింది. "కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టమన్నారు. ఇదేమో సాధు జంతువు. ఏమని పేరు పెడతాం?"

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది.


జూలై 15, మంగళవారం

స్టోరు గది గోడకు అవతలే వరండా. వరండా చివర, స్టోరు కిటికీ పక్కనే, రైలుపట్టా ముక్క వేలాడుతుంది. అదే మా గంట. పదకొండు నుంచి ఒంటిగంట లోపల మూడుసార్లు కొడతాడు తాత.

గంట మోగిన క్షణంలోనే స్టీలు ట్రే గచ్చు మీద పడేశాను, టాఫీ వెనక నుంచి. కుక్క ఎగిరిపడింది.

మూడుసార్లు.

దెబ్బ తగలలేదు. ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఇది రాసిపెట్టుకుంటున్నాను.


జూలై 16, బుధవారం

మూడుసార్లు.


జూలై 17, గురువారం

మూడుసార్లు. ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు.


జూలై 22, మంగళవారం

ఇక ట్రే అక్కర్లేదేమోనని ఈరోజు మొదటి గంటకు ఊరికే చేతులు కట్టుకుని కూర్చున్నాను. గంట మోగగానే టాఫీ గోడకు అతుక్కుపోయింది. పెదవి పైకి లేచి పళ్ళు కనిపించాయి. ఎవరి మీదని కాదు, గాలి మీద. తర్వాత నా దగ్గరికి వచ్చి తల తెచ్చి నా ఒళ్ళో దూర్చింది.

దానికి తెలీదు. ట్రే నేను వేస్తున్నానని దానికి తెలీదు. భయపెట్టేదీ నేనే, దాక్కోవడానికీ నేనే.

మిగతా రెండు గంటలకూ ట్రే వేశాను. మధ్యలో ఆపితే చేసిందంతా నీళ్ళపాలు.

ఇదంతా పిల్లల మంచికే. ఏ కుక్క ఎప్పుడు ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? బడి అన్నాక గంట మోగుతుంది. గంటకు బెదిరే జంతువును బడిలో ఎలా ఉంచుతారు?


జూలై 26, శనివారం

ఏడింటి పిల్ల ల్యాబ్‌కు వచ్చింది. ఆరో తరగతి. వాళ్ళమ్మ నర్సు. డ్యూటీకి వెళ్తూ ఏడింటికే ఈ పిల్లను గేటు దగ్గర దించేస్తుంది. బడి మొదలయ్యే దాకా వరండాలో ఒక్కతే కూర్చుంటుంది. అందుకే ఆ పేరు. పెద్దమేడం ఏడుంపావుకు కుక్కతో సహా వచ్చేస్తుంది కాబట్టి ఈ నెల నుంచి ఆ పిల్లకు తోడు దొరికింది. ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుంటారు. రొట్టె సగం సగం.

"టీచర్, టాఫీకి ఒంట్లో బాలేదా?"

"ఏం? బానే ఉందిగా."

"పొద్దున తాత గంట తుడుస్తుంటే చిన్న చప్పుడైంది. అంతే, నా బ్యాగు వెనక దూరింది. పాసు కూడా పోసేసింది. నేనే తుడిచేశాను. పెద్దమేడంకి చెప్పలేదు, తిడతారేమోనని."

"కుక్కలకు అలాంటివి ఉంటాయిలే."

"ముందు లేవు టీచర్" అంది.

పిల్లలు చూసినంతగా పెద్దవాళ్ళు చూడరు. జాగ్రత్తగా ఉండాలి.


జూలై 30, బుధవారం

పెద్దమేడం కళ్ళ కింద నలుపు. కుక్క సరిగా తినడం లేదట, డాక్టరుకు చూపించిందట. ఏదో చప్పుడుకు జడుసుకుంది, కొన్నాళ్ళు పెద్ద శబ్దాలకు దూరంగా ఉంచమన్నాడట. నాకు లోపల లోపల పండగలా ఉంది.

"నా కూతురు కూడా నాతో సరిగ్గా మాట్లాడదండీ. నాకున్నది ఇదొక్కటే" అంది. "మీ దగ్గరే కాస్త నెమ్మదిగా ఉంటుంది. మీ చేతిలో ఏముందో గానీ."

తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"అన్నట్టు మీకూ ఒక కుక్క ఉండాలి కదా? ఎలా ఉంది?"

ఎలా ఉంది!

మరిచిపోయింది. కావాలని అన్నా ఊరుకునేదాన్నేమో. మరిచిపోయింది. మార్చిలో నేను ఎదురుగా నిలబడి, రెండు చేతులూ జోడించి అడిగింది ఆవిడ బుర్రలో ఒక్క రోజు కూడా నిలవలేదు. నాలుగు నెలలుగా నేను ఆ మాటలు నెమరేసుకుంటూ బతుకుతుంటే, ఆవిడకు అదొక సంగతే కాదు.

"బానే ఉంది మేడం" అన్నాను.

ఇంక జాలి అన్న మాట ఈ పుస్తకంలో రాయను.


ఆగస్టు 4, సోమవారం

మూడుసార్లు. గట్టిగా.


ఆగస్టు 9, శనివారం

అయిపోయింది. వరసగా రాస్తాను.

పదింటికే బడంతా నిండిపోయింది. సభ జరిగినంతసేపూ గంట కొట్టొద్దని పెద్దమేడం నిన్ననే చెప్పింది, టాఫీ బెదురుతుందని. సైన్సు ప్రదర్శన చూసి తల్లిదండ్రులు హాల్లోకి వెళ్ళారు. చేతులెత్తే ముందు, కుక్క పక్కన పిల్లలు కథ చదవడం చూపిస్తారట. ఏడింటి పిల్లే చదవాలి. అది వరండాలో టాఫీ మెడ చుట్టూ చెయ్యి వేసుకుని, పిలుపు కోసం కూర్చుని ఉంది.

పదకొండూ నలభైకి గంట మోగింది.

అరుపు వినిపించింది. కుక్కది. పిల్ల అరవలేదు. నేను ల్యాబ్‌లోకి వచ్చేసరికి ఆ పిల్ల సింకు దగ్గర చెయ్యి కడుక్కుంటోంది. మోచేతి కింద రెండు గాట్లు, నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. టాఫీ బల్ల కింద దూరి ఉంది.

"నా తప్పే టీచర్. అది పారిపోతుంటే నేనే గట్టిగా పట్టుకున్నాను. చెప్పకండి టీచర్. చెప్తే దీన్ని పంపించేస్తారు. మా అమ్మకి చెప్పి నేనే సూది వేయించుకుంటాను. ప్లీజ్ టీచర్."

"చెప్పనులే" అన్నాను. "ముందు కట్టు కడదాం రా."

సబ్బుతో బాగా కడిగాను. దూది పెట్టాను. కట్టు మాత్రం కట్టలేదు.

చెయ్యి పట్టుకుని నడిపించాను. హాలు గుమ్మం దగ్గర పిల్లకు అర్థమైంది. వెనక్కి లాగింది. నేను వదల్లేదు. మధ్య దారిలోంచి నేరుగా వేదిక ఎక్కాను. పెద్దమేడం మాట్లాడుతూ ఆగిపోయింది. దూది తీసేసి, పిల్ల చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాను.

"చేతులెత్తే ముందు ఈ చెయ్యి కూడా చూడండి" అన్నాను.

ఎన్నిసార్లు అనుకున్నానో ఆ మాట. తడబడకుండా వచ్చింది.

హాలంతా ఒక్కసారి లేచింది. ఎవరో తండ్రి మైకు లాక్కున్నాడు. ఎవరో తల్లి, నా కూతురే అయ్యుంటే అని ఏడ్చింది. పెద్దమేడం పిల్ల దగ్గరికి రాబోతే నలుగురు ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. అక్కడే, ఆ పదిమందిలోనే, నిలబడి తల దించుకుంది. తలలో పాపిడి కనిపించేంతగా దించుకుంది.

చూశాను. తనివితీరా చూశాను.


ఆగస్టు 10, ఆదివారం

పిల్లకు సూదులు వేశారట. గాయం లోతుగా లేదు. కుక్కకు టీకాలన్నీ ఉన్నాయి, ప్రమాదమేమీ లేదన్నారట. తెలుసు. అవన్నీ నాకు ముందే తెలుసు. కాగితాలు చూశాను.


ఆగస్టు 11, సోమవారం

కొత్త సర్క్యులర్. సిబ్బంది ఎవరూ ఏ జంతువునూ బడిలోకి తేకూడదు. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం పెద్దమేడం తనే ల్యాబ్‌కు వచ్చింది. ఎప్పుడూ రాలేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

"కరిచిన కుక్కను పది రోజులు కట్టేసి చూడాలంటున్నారు. మా అపార్ట్‌మెంటు వాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు. నిన్నటి నుంచి కారులోనే ఉంచాను." ఒక అడుగు లోపలికి వేసింది. "పది రోజులు. ఒక్క పది రోజులు మీ స్టోరు గదిలో. తలుపు వేసే ఉంచుదాం. ఎవరికీ తెలియనక్కర్లేదు. మిమ్మల్ని బతిమాలుతున్నాను."

నేను బ్యూరెట్లు తుడుస్తున్నాను. తల ఎత్తలేదు.

"ఇది బడి కదా మేడం. రూలు రూలే."

ఆ మాట తనదేనని గుర్తుపట్టిందో లేదో తెలీదు. వెళ్ళిపోయింది.


ఆగస్టు 12, మంగళవారం

గెలిచాను.


ఆగస్టు 13, బుధవారం

గెలిచాను. టాఫీని ఊరి చివర జంతు శరణాలయంలో వదిలేసి వచ్చిందట. ఇక పీడ వదిలింది.


ఆగస్టు 19, మంగళవారం

ఏడింటి పిల్ల ఇప్పుడు వరండాలో కూర్చోవడం లేదు. గేటు పక్కన సైకిళ్ళ దగ్గర నిలబడి ఉంటుంది, ఏడు నుంచి. నన్ను చూస్తే గోడవైపు తిరిగిపోతుంది. తప్పేముంది, చెప్పనని చెప్పి చెప్పాను. పిల్లలకు కోపం వస్తుంది, పోతుంది.

గంటల తాత టీ పట్టుకొచ్చాడు. వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఆ రోజు గంట నేను కొట్టలేదమ్మా."

"అలాగా."

"హాల్లో చాలక ఇంకో వరస కుర్చీలు వేస్తున్నాను. నలుగురు చూశారు. అయినా పెద్దమేడం నన్ను ఒక్క మాట అనలేదు. ముసలాడు మరిచిపోయి కొట్టాడనుకుంది. నేనూ ఔననలేదు, కాదనలేదు." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "సుత్తి నేను ఎప్పుడూ కొక్కేనికి తగిలిస్తాను. ఆ రోజు మీ స్టోరు కిటికీ మీద ఉంది."

నేను టీ తాగాను. ఎవరు కొట్టారని అడగకుండానే ఆయన ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇది అడగడం కంటే ఎక్కువ.


ఆగస్టు 24, ఆదివారం

శరణాలయానికి వెళ్ళాను. ఎందుకో తెలీదు. అక్కకు కూరగాయల కోసమని చెప్పాను.

వరసగా ఇనప జాలీ గదులు. చివరి దాంట్లో ఉంది. ఎముకలు తేలాయి. నన్ను చూసి తోక ఊపింది.

చూసుకునే ఆవిడ మోటు మనిషి, గమ్‌బూట్లు వేసుకుని బాల్దీ మోస్తోంది. "మీదా?" అంది.

"కాదు. తెలిసినవాళ్ళది."

"దీంతో చచ్చే చావుగా ఉందమ్మా. ఇక్కడ తిండి వేళకు గంట కొడతాం. గంట వినగానే కుక్కలన్నీ ఎగబడి వస్తాయి. ఇదొక్కటే మూలకు పోయి గోడ గోకుతుంది. గోళ్ళు చూడండి, నెత్తురు. అన్నీ తినేసి పోయాక కూడా గిన్నె దగ్గరికి రాదు. రోజుకు రెండు గంటలు, రెండుసార్లూ అంతే. ఇలా అయితే ఎన్నాళ్ళో బతకదు."

"దానికి గంట కొట్టకండి" అన్నాను.

"అన్నిటికీ కలిపి ఒకటే గంటమ్మా. ఇదొక్కదాని కోసం మానతామా? అసలు గంటంటే దీనికేం పగ?"

దాని పగ కాదు, నాది అనబోయాను.

వాళ్ళు గంట కొట్టేలోపల బయటికి వచ్చేశాను. రోడ్డు మీదికి వచ్చినా వినిపించింది.


ఆగస్టు 25, సోమవారం

ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు అని ఈ పుస్తకంలో ఎన్నిచోట్ల రాశానో చూశాను.


ఆగస్టు 26, మంగళవారం

ఈరోజు ఏడింటికే బడికి వెళ్ళాను. పిల్ల సైకిళ్ళ దగ్గరే ఉంది. కట్టు తీసేశారు, రెండు గులాబీ మచ్చలు. నేను దగ్గరికి వెళ్తే కదల్లేదు. ఏడుస్తోంది.

"టాఫీ తినట్లేదట. పెద్దమేడం ఫోనులో అంటుంటే విన్నాను. నా వల్లే టీచర్. నేను పట్టుకోకుండా ఉంటే కరిచేది కాదు. వదిలేస్తే ఎక్కడికో పరిగెత్తి తిరిగొచ్చేది. నా వల్లే."

రెండు వారాలుగా ఈ పిల్ల నా మీద కోపంతో గోడవైపు తిరుగుతోందనుకున్నాను. సిగ్గుతో తిరుగుతోంది. నేను చేసింది తన నెత్తిన వేసుకుని మోస్తోంది.

నేను పెద్దమేడంకు అన్యాయం చేశానని ఈ రోజుకీ అనుకోవడం లేదు. కానీ ఇది ఈ పిల్లది కాదు. దీన్ని మోయడానికి ఈ పిల్ల ఎవరు?

చెప్పాను. ఆ సైకిళ్ళ మధ్యనే నిలబడి మొత్తం చెప్పాను. స్టోరు గది, ట్రే, గంట గంటకూ ట్రే, ఇరవై రెండు రోజులు. మసి గురించి కూడా చెప్పాను. అర్థం చేసుకుంటుందని కాబోలు.

మసి గురించి ఏమీ అడగలేదు. కళ్ళు తుడుచుకుని, కాసేపు లెక్క వేసుకున్నట్టు చూసి అడిగింది.

"ఆ రోజు గంట లేదని పెద్దమేడం చెప్పారు కదా. మరి ఎవరు కొట్టారు?"

"నేనే."

"టాఫీ నా దగ్గరుందని తెలుసా మీకు?"

"తెలుసు."

"నేను పట్టుకుని ఉన్నానని?"

కిటికీలోంచి చూశాను. పిల్ల చెయ్యి కుక్క మెడ చుట్టూ ఉంది. చూసే, కిటికీలోంచి చెయ్యి చాపి కొట్టాను. ఈ పుస్తకంలో కూడా రాయలేకపోయిన సంగతి అది.

"చూశాను" అన్నాను.

ఏడుపు ఆగిపోయింది. మొహం తుడిచేసిన పలకలా అయింది.

"పెద్దమేడంకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను. సోమవారం లోపల..."

"రేపు" అంది.


ఆగస్టు 27, బుధవారం

చెప్పాను.

ఈసారి కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మార్చి 11 సంగతి చెప్పినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది. గుర్తొచ్చిందో, గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించిందో.

"నా మీద కోపమైతే నా మొహం మీద ఉమ్మేయాల్సింది" అంది చివరికి. "అది మీ ఒళ్ళో తల పెట్టుకునేదని మీరే చెప్పారు నాకు."

"అవును."

"మీ కుక్క పేరేంటి?"

చెప్పలేదు. ఆ పేరు ఆవిడ నోట వినడం నాకిష్టం లేదు. ఈ ఒక్కటీ నాకు మిగిలింది, ఉంచుకుంటాను.

ఇదంతా కాగితం మీద రాసివ్వమంది. రాశాను. విచారణ అయ్యేదాకా బడికి రావద్దంది. తర్వాత ఫోను తీసి శరణాలయానికి చేసింది. నా ముందే మాట్లాడింది. ఈ సాయంత్రమే వచ్చి తీసుకెళ్తాను, అపార్ట్‌మెంటు ఖాళీ చేసి వేరే ఇల్లు చూసుకుంటాను, ఈ లోపల దాని దగ్గర మాత్రం గంట కొట్టకండి అని. ఆ భయం దానికెవరైనా నేర్పారా అని అవతలి మనిషి అడిగినట్టుంది. పెద్దమేడం ఫోను చెవికి పెట్టుకునే నావైపు చూసింది. "అవును, నేర్పారు" అంది ఫోనులో.

తాళాల గుత్తి గంటల తాతకు ఇచ్చాను. లెక్క చూసుకోమంటే వద్దన్నాడు. "మీరు అబద్ధం ఆడరు కదమ్మా" అని, అన్నాక తనే తల తిప్పుకున్నాడు.

మెట్ల దగ్గర పిల్ల నిలబడి ఉంది, బ్యాగు భుజాన వేసుకుని. క్లాసు వదిలి వచ్చినట్టుంది.

"చెప్పారా?"

"చెప్పాను."

"నన్ను చూసే గంట కొట్టారని?"

"అదీ చెప్పాను. టాఫీని ఈ సాయంత్రం ఇంటికి తెచ్చుకుంటున్నారు."

తల ఊపింది. సంతోషపడుతుందనుకున్నాను. నా మొహంలోకే చూస్తోంది, నేను పెద్దమేడం మొహంలోకి చూసినట్టు, ఏమైనా మారుతుందేమోనని.

"మీరు మళ్ళీ బడికి వస్తారా?"

"తెలీదమ్మా. వాళ్ళు రానిస్తే."

"రావద్దు" అంది.

గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది. అరిచేవాళ్ళ కోపం వారం రోజులు. ఇంత మెల్లగా అన్నవాళ్ళకు ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలుసు. ఈ పిల్లకు ఇంకా పదకొండేళ్ళే.